మడమ లేస్తోందా? లేసు బిగించకండి, పెన్సిలు తీయండి
(ఐస్ హాకీ స్కేట్లు: సమస్య - పరిష్కారం)

మేముండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. డల్లాస్ స్టార్స్ ఐస్ హాకీ టీమ్ ప్రాక్టీసు చేసేది ఈ ఊళ్లోనే కాబట్టి మన పిల్లలు క్రికెట్ బ్యాటుతో పాటు హాకీ స్టిక్కు కూడా అడుగుతారు. నేను పెద్దవాళ్ల లీగులో ఆడతాను, శని ఆదివారాలు రింకులో స్కేట్లకు సాన పడతాను. సాన గది కిటికీ దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది మాట ఒకటే: "అన్నా, వీడికి చీలమండల్లో బలం లేదు, ఇంకా గట్టి బూట్ ఏదైనా చెప్పండి." ఆ గట్టి బూట్ ఖరీదు ఐదారు వందల డాలర్లు. బలం లేకపోవడం మాత్రం నేను చూసింది చాలా తక్కువ.

లేసు కట్టడం, మంచు మీద నిలబడటం మీకు వచ్చనుకునే రాస్తున్నాను.

కాళ్లు లోపలికి వాలిపోతున్నాయి

ముందు సైజు చూడండి. దయచేసి. ఇది చూడకుండానే కొత్త ఇన్సోళ్లు, చీలమండ పట్టీలు, ఫిజియోథెరపీ దాకా వెళ్లినవాళ్లు నాకు తెలుసు.

హాకీ స్కేటు నంబరు, మామూలు అమెరికా బూటు నంబరు ఒకటి కావు. కంపెనీ బౌవర్ అయినా సీసీఎమ్ అయినా మగవాళ్లకు బూటు నంబరు కంటే ఒకటి నుంచి ఒకటిన్నర తగ్గుతుంది. తొమ్మిది నంబరు బూటు వేసుకునే మనిషికి ఏడున్నర, ఎనిమిది మధ్యలో ఎక్కడో కుదురుతుంది. స్కేట్ల నంబర్లు మగవాళ్ల లెక్కలో ఉంటాయి కాబట్టి ఆడవాళ్లు ఇంకో ఒకటిన్నర దాకా తగ్గించుకోవాలి. ఇండియాలో కొన్న బూట్ల మీద ఉండేది ఎక్కువగా బ్రిటిష్ నంబరు. అక్కడి ఎనిమిది ఇక్కడ తొమ్మిది. ఈ గొడవలో చాలామంది రెండు సైజులు పెద్దవి కొనేస్తారు.

పిల్లల సంగతి వేరే. వాళ్లకు తెలిసే పెద్దవి కొంటాం. "పెరిగే కాలు కదా అన్నా, రెండేళ్లు వస్తాయి." స్కూలు యూనిఫాం అలా కొనండి, స్కేట్లు కొనకండి. లేసులు వదులు చేసి, కాలు ముందుకు జరిపి, వేళ్లు బూట్ ముందు ఉండే గట్టి డిప్పకు తగిలాక మడమ వెనక మీ వేలు పెట్టి చూడండి. ఒక వేలు పడితే పిల్లలకు సరే. రెండు వేళ్లు పడితే ఆ స్కేటు వచ్చే ఏడాదిది. రెండు జతల సాక్సులతో ఖాళీ నింపితే లోపల కాలు జారుతుంది, చీలమండ వాలుతుంది, తప్పు పిల్లాడి మీద పడుతుంది. హైదరాబాదులో రోలర్ స్కేటింగ్ నేర్చుకున్న తల్లిదండ్రులకు ఇది చెప్పడం మరీ కష్టం. అక్కడ సైజు మార్చుకునే స్కేట్లతో గడిచిపోయింది. ఇక్కడ కింద ఉండేది మూడు మిల్లీమీటర్ల మందం కూడా లేని స్టీలు.

పెద్దవాళ్లకు గుర్తు ఇది: నిటారుగా నిలబడితే బొటనవేలు డిప్పను ఈకలా తాకాలి, మోకాళ్లు వంచగానే మడమ వెనక్కి కూర్చుని వేలు డిప్పను వదలాలి. నిటారుగా ఉన్నప్పుడు కూడా వేలు తగలకపోతే పెద్దవి. వంచాక కూడా వేలు మడుచుకునే ఉంటే చిన్నవి.

సైజు సరిగ్గానే ఉందా, అయితే అంచులు చూడండి. స్కేటు తిరగేసి బ్లేడు మీద ఒక నాణెం అడ్డంగా పెట్టండి. నాణెం ఒక పక్కకు వాలితే ఆ పక్క అంచు పల్లంగా ఉన్నట్టు. సాన పట్టినవాడు రాయి మధ్యకు సరిచేసుకోలేదు. ఒక కాలే వంకర పోతుంటే ఇదే మొదటి అనుమానం. మళ్లీ సాన పట్టిస్తే పది నిమిషాల్లో పోతుంది. కొత్త స్కేట్లు పెట్టెలోంచి తీసి నేరుగా మంచు మీదికి వెళ్లేవాళ్లకు ఒక మాట: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన బ్లేడుకు ఆడటానికి పనికొచ్చే సాన ఉండదు. మొదటిసారి పట్టించి తీరాలి. ఏ గుంట (బ్లేడు రెండు అంచుల మధ్య సాన చెక్కే వంపు, దాన్ని వ్యాసార్ధంతో కొలుస్తారు) అని అడిగితే అరంగుళం అనండి, తర్వాత మీ అలవాటును బట్టి మార్చుకోవచ్చు.

మడమ పైకి లేస్తోంది

నన్ను ముంచింది ఇదే. అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను.

మడమ లేస్తోందంటే ఎవరైనా ఏమనుకుంటారు? బూట్ వదులైందని. నేనూ అదే అనుకున్నాను. నా మొదటి సొంత జత, పొడవు సరిగ్గా ఉంది. అడుగు తోసినప్పుడల్లా మడమ ఒక పావంగుళం లేచేది. లేసులు బిగించాను. మీగాలి మీద, సరిగ్గా కాలు మడత పడే చోట, సూది గుచ్చినట్టు నొప్పి. ఆటగాళ్లు దీన్ని లేస్ బైట్ అంటారు. మైనం పూసిన లేసులు తెచ్చి ఇంకా బిగించాను. వారానికి మీగాలు వాచి ఆఫీసుకు చెప్పులతో వెళ్లాల్సి వచ్చింది. అప్పుడైనా ఆగానా? మడమ లేస్తోంది కాబట్టి బూట్ పెద్దదేనని తేల్చి, అరసైజు చిన్నది కొన్నాను. మొదటి జత అమ్మకానికి పెట్టాను. రెండో జతలో మడమ ఇంకా ఎక్కువ లేచింది. వేళ్ల గోళ్లు నల్లబడటం అదనం.

పక్క రింకులో సాన పట్టే ఒక ముసలాయన నా గోల విని ఏమీ అనలేదు. లేసులు విప్పించి, చెవి మీద ఉన్న పెన్సిలు తీసి బూట్ మీద అడ్డంగా పెట్టాడు. పెన్సిలు రెండు పక్కలా లేసు రంధ్రాల అంచుల మీద కూర్చోవాలి. నా కాలి మీద మాత్రం మీగాలి ఎముక మీద కూర్చుని తూగుటుయ్యాలలా ఊగింది.

బూట్ వదులు కాదు, లోతు చాలలేదు.

ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది. బూట్‌కి పొడవు, వెడల్పుతో పాటు లోతు కూడా ఉంటుంది. మీగాలు ఎత్తుగా ఉన్న మనిషి లోతు తక్కువ బూట్ వేసుకుంటే కాలు గూట్లోకి పూర్తిగా దిగదు. మడమ కూర్చోవాల్సిన గుంతకు కాస్త పైన వేలాడుతుంది. బూట్ రెండు రెక్కలూ కాలి మీదుగా చుట్టుకోవాల్సింది పోయి, పక్కలకే నిలబడిపోతాయి. దాంతో లేసు లాగినప్పుడు ఆ బలం మడమను వెనక్కి నెట్టదు, నేరుగా మీగాలిని కోస్తుంది. ఎంత బిగిస్తే అంత కోత, మడమ మాత్రం ఉన్నచోటే. చిన్న సైజు కొంటే లోతు ఇంకా తగ్గుతుంది కాబట్టి జబ్బు ముదురుతుంది. లక్షణం వదులుగా కనిపిస్తుంది, కారణం ఇరుకు. అందుకే ఇంతమంది దీనికి బోల్తా పడతారు.

పెన్సిలు పరీక్షను కూడా చాలామంది తప్పుగా చేసి "మాకు బాగానే ఉంది" అంటారు. ఇలా చేయండి. సాయంత్రం పూట, ఆటలో వేసుకునే సాక్సుతోనే. లేసులు పైనుంచి కింది దాకా వదులు చేయండి. కాలు పెట్టి, మడమను నేల మీద రెండుసార్లు గట్టిగా కొట్టి వెనక్కి కూర్చోబెట్టండి. ఇది మానేస్తే పరీక్ష దండగ. టంగ్‌ను (లేసుల కింద ఉండే బూట్ నాలుకను) ముందుకు వంచండి. పైనుంచి మూడో లేసు రంధ్రం దగ్గర పెన్సిలు అడ్డంగా పెట్టండి. రెండు అంచుల మీదా ఆనుకుని కాలిని తాకకపోతే లోతు సరిపోయింది. కాలిని తాకి ఊగితే లోతు చాలదు. కాలికీ పెన్సిలుకీ మధ్య చిటికెన వేలు పట్టేంత ఖాళీ ఉంటే లోతు ఎక్కువ, అప్పుడు మడమ నిజంగానే వదులై లేస్తోంది. రెండు కాళ్లకూ చూడండి, చాలామందికి రెండూ ఒకలా ఉండవు.

పరిష్కారం చౌకగా దొరకదని ముందే చెబుతున్నాను. బూట్‌ను ఓవెన్‌లో వేడి చేయిస్తే సరిపోతుందని షాపులో అనొచ్చు. వేడి వల్ల రెక్కలు మెత్తబడి కాలి ఆకారానికి వస్తాయి, ఎముక ఒత్తుకునే చోట ఊరట దొరుకుతుంది. లోతు మాత్రం పుట్టదు. ఫ్యాక్టరీ ఇన్సోల్ తీసి పలచటిది వేస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు దక్కుతాయి. పెన్సిలు కాలికి తగిలీ తగలనట్టున్నవాళ్లకు అది చాలు. నొప్పి ఉన్న చోట ఒక రంధ్రం వదిలేసి లేసు కడితే, టంగ్ కింద జెల్ ప్యాడ్ పెడితే సీజను గడుస్తుంది. పెన్సిలు బాగా ఊగేవాళ్లు మాత్రం లోతైన బూట్‌కి మారాల్సిందే. బౌవర్‌లో ఫిట్ 1, 2, 3 అని ఉంటాయి. ఇవి వెడల్పు తేడాలే అనుకుంటారు గానీ నంబరు పెరిగేకొద్దీ లోతు కూడా పెరుగుతుంది. సీసీఎమ్‌లో టేపర్డ్, రెగ్యులర్, వైడ్. చిన్నప్పుడు వట్టికాళ్లతో, చెప్పులతో పెరిగిన మనలో వేళ్ల దగ్గర పాదం పరుచుకున్నవాళ్లు నా కిటికీకి ఎక్కువే వస్తారు. వాళ్లు ఫిట్ 1 దగ్గర టైం వృథా చేసుకోకుండా ఫిట్ 3తో మొదలుపెట్టి కిందికి రావడం మేలు. నేను మూడో జతగా కొన్నది ఫిట్ 3, మొదటి జత పొడవులోనే. ఇప్పుడు లేసులు మామూలుగా కడతాను, మడమ కదలదు.

అరికాలు పట్టేస్తోంది, తిమ్మిరి

మొదటి రెండు మూడు వారాలైతే భయపడకండి. కొత్తవాళ్లు జారిపోతామేమోనని బూట్ లోపల కాలివేళ్లు ముడుచుకుంటారు, అరికాలు పట్టేస్తుంది. అలవాటయ్యాక పోతుంది. పోకపోతే వేళ్ల దగ్గరి మూడు నాలుగు రంధ్రాల లేసు వదులు చేయండి, బిగింపు చీలమండ దగ్గర ఉంటే చాలు. మందపాటి ఉన్ని సాక్సులు మానేయండి. అవి చలి ఆపవు, రక్తం ఆపుతాయి.

ఒకే చోట ఎముక రాసుకుంటోంది

ఇక్కడ ఓవెన్ పనికొస్తుంది. సుమారు 80 డిగ్రీల సెల్సియస్, కొద్ది నిమిషాలు. మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి షాపులోనే చేయించండి, ఇంటి ఓవెన్‌తో ప్రయోగాలు వద్దు. వేడి బూట్‌లో లేసులు కట్టేటప్పుడు పైకి కాకుండా పక్కలకు లాగాలి, లేకపోతే రంధ్రాల రింగులు ఊడొస్తాయి. ఆరే దాకా కూర్చునే ఉండాలి, లేచి నడవకూడదు. ఆ తర్వాత ఒక రోజు మంచు మీదికి వెళ్లొద్దు. అప్పటికీ తగ్గకపోతే ఆ ఒక్కచోట బూట్‌ను బయటికి సాగదీసే పరికరం ఉంటుంది, అడగండి.

ఏడాదికే పాడైపోయాయి

ఎక్కువగా తప్పు బూట్‌ది కాదు, కారు డిక్కీది. ఆట అవగానే బ్లేడు తుడవకుండా గట్టి ప్లాస్టిక్ గార్డు తొడిగి బ్యాగులో పడేస్తారు. గార్డు లోపల నీళ్లు నిలిచి తెల్లారేసరికి తుప్పు. గట్టి గార్డు నడవడానికి, టవల్ గుడ్డ తొడుగు దాచడానికి. ఇన్సోళ్లు బయటికి తీసి ఆరబెట్టండి. హీటర్ దగ్గర మాత్రం వద్దు, జిగురు వదులుతుంది. టెక్సస్ ఎండలో డిక్కీలో ఒక రోజు వదిలేసినా అదే గతి.

తోసినప్పుడు టిక్కుమని చప్పుడొస్తే బ్లేడు దాన్ని పట్టి ఉంచే హోల్డరులో వదులైంది, లేదా అడుగున రివెట్టు లూజైంది. చేత్తో ఊపితే ఏదో తెలిసిపోతుంది. రివెట్టు మార్చడం చిన్న పని. నెల రోజులు వాయిదా వేస్తే రంధ్రం పెద్దదై బూట్ అడుగే పోతుంది.

తొమ్మిదేళ్ల పిల్లాడికి ప్రొఫెషనల్ బూట్ కొనేవాళ్లకు: అది ఎక్కువ రోజులు రాదు, ఎక్కువ గట్టిగా ఉంటుందంతే. పిల్లాడి బరువుకు ఆ బూట్ వంగదు. బూట్ వంగకపోతే మోకాలు వంగదు, మోకాలు వంగకపోతే స్కేటింగే రాదు. మధ్యస్థం మోడల్ చాలు.

దెబ్బలు తగులుతున్నాయి

ముందు డిప్ప, వేళ్లను పక్ (ఆటలో కొట్టే గట్టి రబ్బరు బిళ్ల) నుంచి కాపాడుతుంది. పక్కలు అంత గట్టిగా ఉండవు. వంద డాలర్లలోపు దొరికే సరదా స్కేట్లతో పక్ ఆటకు దిగకండి. షాట్లకు అడ్డంపడే అలవాటున్న డిఫెన్స్‌మన్ అయితే పైన తొడిగే ప్లాస్టిక్ కవచాలు ఉంటాయి.

కోతల విషయంలో బూట్‌ను నమ్ముకోవద్దు. వెనక పైకి లేచి ఉండే ప్లాస్టిక్ రెక్క పక్ దెబ్బకు ఉపయోగమే, బ్లేడుకు దాని పైన చర్మం దొరుకుతుంది. 2013 ఫిబ్రవరిలో ఒట్టావా డిఫెన్స్‌మన్ ఎరిక్ కార్ల్‌సన్‌కు ఎదుటి ఆటగాడి స్కేటు తగిలి మడమ వెనక స్నాయువు (అకిలిస్ టెండన్) తెగింది. ఎన్‌హెచ్ఎల్ (అమెరికా, కెనడాల ప్రొఫెషనల్ హాకీ లీగు) స్థాయి బూట్ ఉన్నవాడి పరిస్థితే అది. కోతకు తట్టుకునే సాక్సులు ముప్పై నలభై డాలర్లు. పిల్లలకు మామూలు సాక్సు కొనడమే మానేయండి. టంగ్ ముందుకు వాల్చి స్టైలు కొట్టే పిల్లలుంటారు, షిన్ గార్డుకూ బూట్‌కూ మధ్య సందు కనిపిస్తే టంగ్ నిలబెట్టి కట్టించండి.

ఇవేవీ కాకపోతే

హోల్డరు వంకరగా బిగించడం, స్టీలు వంగిపోవడం, ఒక కాలు పొట్టిగా ఉండటం. ఉంటాయి, కాదనను, కానీ ఏడాదికి ఒకటో రెండో చూస్తాను. రెండు బ్లేడ్లూ ముందు నుంచి కంటికి ఎదురుగా పట్టుకుని చూస్తే మొదటి రెండూ కనబడతాయి. మూడోదానికి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. నా కిటికీకి వచ్చేటప్పుడు మాత్రం స్కేట్లతో పాటు ఆటలో వేసుకునే సాక్సులు కూడా తెండి, పెన్సిలు నా దగ్గరుంది.