బస్సు పడనివాళ్లు మాత్ర ఎలా వేసుకోవాలి? కళ్లు తిరిగితే అదే మాత్ర వాడొచ్చా?

అరకు బస్సు శృంగవరపుకోట దాటి మలుపులు మొదలయ్యాక చాలామంది మాత్ర కోసం బ్యాగులో వెతుకుతారు. అప్పటికే ఆలస్యం అయిపోయినట్టే. కడుపులో తిప్పడం మొదలైతే జీర్ణాశయం మందగిస్తుంది, మింగిన మాత్ర ఒంటికి పట్టదు. వాంతి అయితే అందులోనే పోతుంది. ఈ మందు ముందు జాగ్రత్తకే.

1. ఏం కావాలో విడమర్చి అడగండి. మందుల షాపులో "వాంతుల బిళ్ళ" అని మాత్రమే అంటే ఒండాన్‌సెట్రాన్ ఇచ్చే అవకాశం ఉంది. ప్రయాణపు వికారానికి అది పెద్దగా పనిచేయదు. జలుబుకు వాడే సెటిరిజిన్ కూడా ప్రయాణపు మాత్రల్లాగే యాంటీహిస్టమిన్ (అలర్జీ మందుల రకం), కానీ మెదడులోకి అంతగా చేరదు కాబట్టి ఇక్కడ ఉపయోగం లేదు. "బస్సు పడదండీ" అని చెప్పండి. అవోమిన్ పేరుతో దొరికే ప్రోమెథజైన్, డైమెన్‌హైడ్రినేట్, మెక్లిజిన్, సిన్నరిజిన్ ఈ పనికొచ్చేవి. వీటిలో ఏదో ఒక్కటే వాడాలి.

2. మీకు సరిపడుతుందో లేదో చూసుకోండి. నీటికాసులు, ప్రోస్టేట్ పెరిగి మూత్రం సరిగా రాకపోవడం, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. రెండేళ్లలోపు పిల్లలకు ప్రోమెథజైన్ అసలు ఇవ్వకూడదు, ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. అంతకంటే పెద్ద పిల్లలకైనా పెద్దల మాత్రను అంచనాగా విరిచి ఇవ్వకండి. డోసు డాక్టరే చెప్పాలి.

3. టైము చూసి వేసుకోండి. అవోమిన్ 25 మి.గ్రా. అయితే పెద్దలకు ఒక మాత్ర, బయల్దేరడానికి గంట, రెండు గంటల ముందు. పొద్దున్నే మొదలయ్యే దూర ప్రయాణమైతే ముందురోజు రాత్రి పడుకునేటప్పుడు వేసుకోవచ్చు. మిగతా మందుల టైమింగ్ వేరుగా ఉంటుంది, స్ట్రిప్ మీద చూడండి లేదా ఫార్మసిస్ట్‌ని అడగండి. రెండు ఇడ్లీలు తిని వేసుకుంటే చాలు, కడుపు నిండా పూరీలు వద్దు. ముందు సీట్లో కూర్చుని దూరంగా రోడ్డు వైపు చూడండి. ఫోన్ పక్కన పెట్టండి.

4. మత్తు వస్తుంది. ఆ రోజు బండి నడపొద్దు, మద్యం తాగొద్దు. బస్సు దిగాక స్టాండులో పెట్టిన బైకు తీసుకెళ్లడం కూడా ఇందులోకే వస్తుంది. నోరు ఎండితే నీళ్లు కొద్దికొద్దిగా తాగండి.

5. ఇంట్లో ఉండగానే కళ్లు తిరుగుతుంటే? ఇది వేరే సంగతి. మంచం మీద పక్కకు తిరిగినా, తల పైకెత్తినా కొద్ది సెకన్లు గిర్రున తిరుగుతుంటే లోపలి చెవిలోని సన్నటి సున్నపు రేణువులు జరగడమే తరచుగా కారణం. దాన్ని మాత్ర నయం చేయదు. ఈఎన్‌టీ డాక్టర్ తలను ఒక పద్ధతిలో తిప్పి ఆ రేణువులను తిరిగి చోటుకు పంపుతారు. ఎప్లీ పద్ధతి అంటారు, నిమిషాల్లో అయిపోతుంది. చెవి నరం వాచి రోజంతా తిరుగుతూ వాంతులవుతుంటే ఈ మాత్రలు మొదటి రెండు మూడు రోజులు ఊరటనిస్తాయి. ఆ తర్వాత కూడా సాగదీస్తే మెదడు సర్దుకోవడం ఆలస్యమవుతుంది.

పెద్దవాళ్ల విషయంలో నాకు బెంగగా ఉండేది ఇక్కడే. పాత చీటీ చూపించి సిన్నరిజిన్ నెలల తరబడి తెచ్చుకుంటే చేతులు వణకడం, నడక నెమ్మదించడం వంటి పార్కిన్సన్స్ లక్షణాలు రావచ్చు. ఆ మత్తులో రాత్రి బాత్రూముకు లేచి పడిపోయే ప్రమాదమూ ఉంది. అమ్మానాన్నల మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి.

6. మాత్ర వెతుకుతూ కూర్చోకూడని సందర్భం. కళ్లు తిరగడంతో పాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, నిలబడలేకపోవడం, ఎన్నడూ లేనంత తలనొప్పి... వీటిలో ఏ ఒక్కటున్నా పక్షవాతం కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి.