సింగపూర్ సిమ్ కొనేముందు వైజాగ్‌లోనే చూసుకోవాల్సినవి

– ఫోన్‌లో *#06# కొట్టండి. ఈఐడీ పేరుతో 32 అంకెలు కనిపిస్తే ఈ-సిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే సిమ్) పడుతుంది. దాన్ని ఇంటి వైఫై మీదే ఎక్కించుకుంటే, చాంగీ ఎయిర్‌పోర్టులో దిగాక నెట్ కోసం వెతుక్కునే పని ఉండదు.

– మామూలు సిమ్మయితే ఒరిజినల్ పాస్‌పోర్టు చేతిలో ఉండాలి. మన ఆధార్ అక్కడ పనికిరాదు.

– ఎన్ని జీబీలన్నది సరే, ఎన్ని రోజులన్నది ముందు చూడండి.

– మన సిమ్ జాగ్రత్త! బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. బయల్దేరకముందే రోమింగ్ పెట్టించుకుని, డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. నేనైతే తీసిన సిమ్‌ను టిష్యూలో చుట్టిపెట్టి, హోటల్లో ఆ టిష్యూతోనే మూతి తుడుచుకుని చెత్తబుట్టలో వేశాను. ఎంవీపీ కాలనీలో మళ్లీ సిమ్ తీసుకునేదాకా ఒక్క ఓటీపీ లేదు.

– సిమ్ ట్రే తీసే పిన్ను తెచ్చుకోవడం మరిచిపోతే చెవి దుద్దు కాడ సరిపోతుంది.