ఆ సి మైనస్ తర్వాత

డాక్టర్ కావాలనుకున్నాను. కానీ అమెరికాలో డిగ్రీ మొదటి ఏడాది నా జీపీఏ 4కి 2.6. కెమిస్ట్రీలో సి మైనస్. ఇంట్లో చెప్పడానికే నెల పట్టింది.

ఆ కోర్సు మళ్లీ చదివితే పాత గ్రేడు పోతుందనుకున్నాను. పోదు. ఎమ్‌డీ (అక్కడ డాక్టర్ అయ్యే చదువు) సీట్లకు అప్లై చేసే ఉమ్మడి దరఖాస్తు విధానం ఆమ్‌కాస్‌లో రెండు గ్రేడ్లూ లెక్కలోకి వస్తాయి. అందుకే తొందర మానేశాను. సెమిస్టర్‌కు రెండే సైన్స్ సబ్జెక్టులు. అర్థం కాకపోతే ఆ వారమే ప్రొఫెసర్ గదికి వెళ్లేవాణ్ణి (సిగ్గేసేది, నిజమే). డిగ్రీ అయ్యాక ఏడాది పోస్ట్‌బాక్‌లో (డిగ్రీ తర్వాత అదనంగా చదివే కోర్సులు) బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ తీసుకున్నాను. అన్నిట్లోనూ 'ఏ' గ్రేడే. అయినా మొత్తం జీపీఏ 3.4 దాటలేదు.

మెడికల్ ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్‌లో 528కి 514 వచ్చాకే అప్లై చేశాను. "ఇంకో ఏడాదా నాన్నా?" అని అమ్మ అంటూనే ఉంది.

ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఆ సి మైనస్ గురించే. సాకులు చెప్పలేదు. సీటొచ్చింది.