షుగరు, బీపీ తగ్గించే ఊరి పనికి డబ్బు ఎలా తేవాలి

హెల్త్ క్యాంపుకు డబ్బు దొరుకుతుంది, మనిషికి దొరకదు. ఊళ్లో షుగరు, బీపీ తగ్గించాలని బయల్దేరే మహిళా సంఘం ముందుగా ఈ సంగతి తెలుసుకుని దిగాలి. టెంటు వేసి, రెండొందల మందికి రక్తం చూసి, సాయంత్రానికి సర్దుకుపోయే కార్యక్రమానికి ఎవరో ఒకరు ముందుకొస్తారు. షుగరు ఉందని తేలినవాళ్ల గుమ్మం ముందుకు నెలనెలా వెళ్లి "వదినా, ఈసారి ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లు వచ్చింది?" అని అడిగే మనిషికి నెలకు మూడు వేలు ఇమ్మంటే మాత్రం అందరూ నేల చూపులు చూస్తారు. నిజానికి ఫలితం వచ్చేది ఆ పలకరింపుతోనే. అందుకే బడ్జెట్ మొత్తం ఆ మనిషి చుట్టూ కట్టుకోండి.

నేను ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు గుణుపురం పక్కన మా పంచాయతీలో సంఘాలకు దరఖాస్తులు, లెక్కలు చూసిపెడుతున్నాను. మా వైపు తెలుగిళ్లలో మూడు పూటలా అన్నమే. అందులోకి ఎండుచేపో ఆవకాయో, సాయంత్రం పకోడీలు, రోజంతా పంచదార టీ. కొండ ఊళ్లలో చోళ్లు, అంటే రాగులు, ఇంకా తింటున్నారు, ఒడియావాళ్ల మాండియా జావు అదే. కింద మన ఇళ్లలో మాత్రం చోడి అంబలి ముసలివాళ్ల తిండైపోయింది. దరఖాస్తులో మొదటి పేరా మీ ఊరి తిండి గురించి ఇలాగే రాయండి. "అవగాహన కల్పించుట" అని మొదలయ్యే కాగితాలు చదివీ చదివీ ఆఫీసర్లు విసిగిపోయి ఉంటారు.

రెండో పేరాలో మీ పని ఎందుకు పనిచేస్తుందో చెప్పాలి. దానికి గట్టి సాక్ష్యం మన దేశంలోనే ఉంది. చెన్నై డాక్టర్లు చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2006లో వచ్చాయి. షుగరు అంచున ఉన్నవాళ్లను తీసుకుంటే, మామూలు సలహాతో వదిలేసినవాళ్లలో మూడేళ్లకు 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండి, నడక మార్చుకునేలా వెంటపడి చూసుకున్నవాళ్లలో 39 శాతం మందికే వచ్చింది. మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర ఇచ్చినా దాదాపు అంతే తగ్గింది. ఈ నాలుగు వాక్యాలు ఒడియాలో రాయించండి. మన కుర్రాళ్లు ఒడియా మీడియంలోనే చదువుతున్నారు, వాళ్ల చేత రాయిస్తే సరి. తెలుగులో ఇస్తే కాగితం టేబుల్ దాటదు.

ఇక ఖర్చు. నలభై మందికి ఏడాది పాటు ఎంతవుతుందో మా ధరల్లో వేసి చూపిస్తాను. బీపీ మెషీన్లు రెండు, 4,000. గ్లూకోమీటర్ 1,000. మనిషికి ఏడాదిలో ఆరుసార్లు చూస్తే 240 స్ట్రిప్పులు, ఒక్కోటి 20 రూపాయల చొప్పున 4,800. బరువు తూచే మెషీను, నడుము కొలిచే టేపు 1,500. నెలకోసారి వంట చేసి చూపించడానికి సరుకులు 12,000. పుస్తకాలు, సూదులు, తిరుగుడు 4,700. ఇళ్లకు తిరిగే మనిషి గౌరవ వేతనం నెలకు 3,000, ఏడాదికి 36,000. మొత్తం 64,000, అంటే మనిషికి ఏడాదికి 1,600. ఈ చివరి అంకెను కాగితం పైభాగంలో పెద్దగా రాయండి. ఒక మనిషికి షుగరు మందులకు ఏడాదికి ఎంతవుతుందో చదివేవాళ్లకు ఇంట్లో తెలిసే ఉంటుంది. వాడిన సూదులు చెత్తలో వేయకుండా సబ్‌సెంటర్‌కు అప్పగిస్తామని కూడా ఒక వాక్యం కలపండి. అది రాసినవాళ్లకు పని తెలుసని వెంటనే అర్థమవుతుంది.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చేదాన్ని కొనకండి. ముప్పై ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగరు చూడడం ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, పనే. ఆశాదీదీ దగ్గర సీబ్యాక్ ఫారం ఉంటుంది, ఎవరికి జబ్బు వచ్చే ప్రమాదం ఉందో ప్రశ్నలడిగి రాసే కాగితం అది, ముందు దాంతో ఇల్లిల్లూ తిరగమనండి. సబ్‌సెంటర్‌లో స్ట్రిప్పులు ఉంటే మీ బడ్జెట్‌లో ఆ పద్దు తీసేసి, "ప్రభుత్వ వాటా" అని చూపించండి. డబ్బిచ్చేవాళ్లకు ఆ మాట బాగా నచ్చుతుంది.

డబ్బు ఒకే చోట అడగొద్దు. ఏ సంచిలో డబ్బు దేనికి పనికొస్తుందో చూసుకుని అడగాలి.

చిన్న ఖర్చులకు గావ్ కల్యాణ్ సమితి ఉంది. మిగతా రాష్ట్రాల్లో గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ అంటారు, ఒడిశాలో దీని పేరు ఇది. నేషనల్ హెల్త్ మిషన్ కింద ఊరికి ఏడాదికి పది వేల వరకు షరతుల్లేని డబ్బు వస్తుంది. వార్డు మెంబరు అధ్యక్షత, అంగన్‌వాడీ దీదీ చేతిలో లెక్క. వంట చూపించే సరుకులకూ పుస్తకాలకూ ఇది సరిగ్గా సరిపోతుంది. చాలా ఊళ్లలో ఈ డబ్బు బ్లీచింగ్ పౌడరుకు, ఒక మీటింగు టీలకు అయిపోతుంది. ఖర్చు తీర్మానం రాసే రోజున మీరు అక్కడ కూర్చుని ఉండాలి.

పంచాయతీకి వచ్చే ఆర్థిక సంఘం నిధుల్లో కొంత నీళ్లకు, పారిశుధ్యానికే కట్టేసి ఉంటుంది. కట్టేయని భాగంలోంచి కూడా జీతాలివ్వకూడదు. కాబట్టి పీఈఓ (పంచాయతీ ఎగ్జిక్యూటివ్ ఆఫీసరు) దగ్గరికి వెళ్లి గౌరవ వేతనం అడిగితే లాభం లేదు. చెరువు గట్టు చదును చేయించమని, నాలుగు లైట్లు వేయించమని అడగండి. సాయంత్రం ఆడవాళ్లు నడవాలంటే ముందు కావలసింది వెలుతురు. ఈ పని పల్లీసభలో, అంటే ఊరి ఓటర్ల సభలో, పేరు పెట్టి రాయించుకోవాలి. పల్లీసభ ఫిబ్రవరిలో జరుగుతుంది, ఆ రోజు దాటిందా ఇంకో ఏడాది ఆగాలి.

చోళ్ల పనికి వేరే దారి ఉంది. 2017లో ఒడిశా మిల్లెట్స్ మిషన్ మొదలైనప్పుడు తొలి ఏడు జిల్లాల్లో మన రాయగడ, గజపతి, కొరాపుట్ ఉన్నాయి. ఇప్పుడు దాన్ని శ్రీ అన్న అభియాన్ అంటున్నారు. మహిళా సంఘాలకు పిండి మర, టిఫిన్ సెంటర్ లాంటివాటికి ఇందులో సాయం ఉంటుంది, బ్లాకు వ్యవసాయ ఆఫీసులో అడగండి. ఒక్క జాగ్రత్త. చోడి పిండిని మెత్తగా జల్లించి, పంచదార వేసి జావ కాచి షుగరు ఉన్నవాళ్లకు పోస్తే లాభం లేదు, షుగరు పెరుగుతుంది. మజ్జిగ కలిపిన అంబలి ఒక గ్లాసు, లేకపోతే చిన్న ముద్ద సంకటి, పక్కన ఆకుకూర, పప్పు. దాంతోపాటు అన్నం తగ్గాలి. అన్నం అలాగే ఉంచి పైన చోళ్లు చేర్చడం వల్ల ఒరిగేదేమీ లేదు. కాల్షియం కోసం పిల్లలకు, బాలింతలకు మాత్రం చోళ్లు నిస్సందేహంగా పెట్టండి.

గనుల ప్రభావం ఉన్న పంచాయతీలకు జిల్లా మినరల్ ఫౌండేషన్ ఉంది. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చింది ఇది. ఆరోగ్యం, స్త్రీ శిశు సంక్షేమం దీని ముఖ్య పద్దుల్లోనే ఉన్నాయి. కేంఝర్ జిల్లాలో 2020లో అంగన్‌వాడీ పిల్లలకు చోడి లడ్డూలు ఈ డబ్బుతోనే మొదలుపెట్టారు. కలెక్టరేట్‌కు రాసే కాగితంలో ఆ ఉదాహరణ తప్పక చూపండి. మన రాష్ట్రంలోనే ఇంకో జిల్లాలో జరిగిన పని అంటే ఆఫీసర్లకు ధైర్యం వస్తుంది.

ఇళ్లకు తిరిగే మనిషి వేతనానికి దారి సీఎస్ఆర్, అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, ఐదు కోట్లు ఆపైన నికర లాభం వచ్చే కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం ఖర్చు పెట్టాలి. పోషకాహార లోపం, రోగ నివారణ ఆ చట్టం షెడ్యూల్ 7లో మొదటి పద్దులోనే ఉన్నాయి. మా జిల్లాలో కాగితం మిల్లు, ఫెర్రోక్రోమ్, అల్యూమినా కంపెనీలు ఉన్నాయి, అటు కొరాపుట్‌లో నాల్కో ఉంది. అడగడానికి చోటుంది. మహిళా సంఘం నేరుగా ఈ డబ్బు తీసుకోవడానికి వీల్లేదు. సీఎస్ఆర్-1 నంబరు (సీఎస్ఆర్ పనులు చేయడానికి కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదైతే వచ్చేది) ఉన్న రిజిస్టర్డ్ సొసైటీతో కానీ ట్రస్టుతో కానీ కలిసి రాయాలి. ఆ సంస్థ ఎంత కోసుకుంటుందో ముందే కాగితం మీద రాయించుకోండి, తర్వాత మొహమాటపడితే నష్టపోయేది ఊరు. గౌరవ వేతనాన్ని "అడ్మిన్" ఖర్చు కింద చూపించకండి. కంపెనీ తన సీఎస్ఆర్ ఆఫీసు నిర్వహణ ఖర్చును మొత్తం సీఎస్ఆర్ ఖర్చులో ఐదు శాతం దాటనివ్వకూడదు, ఆ మాట కనిపిస్తే కోసేస్తారు. ఇళ్లకు తిరిగే మనిషి వేతనం నేరుగా ప్రాజెక్టు ఖర్చు. ఒక ఏడాదితో ఆగకుండా "ఓన్‌గోయింగ్ ప్రాజెక్ట్"గా అడిగితే మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్ల వరకు నడపొచ్చు. మార్చిలో మిగులు డబ్బుతో క్యాంపులే వస్తాయి. ఏడాది పని కావాలంటే కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవకముందే మీ కాగితం వాళ్ల చేతిలో ఉండాలి.

అమెరికాలో ఉన్న మేనల్లుడు డాలర్లు పంపిస్తానంటే మాత్రం తొందరపడి సంఘం ఖాతా నంబరు ఇవ్వకండి. అతను అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం, దానికి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి.

మా ఊరి పక్కన ఒక సంస్థ క్యాంపు పెట్టి, పేర్లు రాసుకుని, చీటీలు కూడా ఇవ్వకుండా వెళ్లిపోయింది. బీపీ 180 ఉన్న ఆవిడకు ఆ సంగతే తెలియదు. అది తలచుకుంటే ఇప్పటికీ నా కడుపు రగిలిపోతుంది. కొలిచిన అంకె ఆ మనిషి చేతికి చీటీ మీద ఇవ్వాలి, పుస్తకంలోనూ ఉండాలి. ప్రతి ఇంటికి ఒక పేజీ చాలు: బీపీ, పరగడుపు షుగరు, నడుము కొలత, వారంలో నడిచిన రోజులు, ఉప్పు ప్యాకెట్ తెరిచిన తేదీ. మనిషికి రోజుకు ఐదు గ్రాములు దాటకూడదంటే నలుగురున్న ఇంట్లో కిలో ఉప్పు యాభై రోజులు రావాలి. ఆవకాయ, ఎండుచేపల ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ రోజులే రావాలి. ఈ ఒక్క లెక్కతో ఇంట్లో వాదన లేకుండా కోడలికీ అత్తకీ విషయం తెలిసిపోతుంది. వచ్చిన ఆఫీసరుకు కూడా ఇదే పేజీ చూపించండి. మందులు వాడేవాళ్లు తిండి మారిందని మాత్ర మానేయకుండా చూడడం కూడా ఇళ్లకు తిరిగే ఆ మనిషి బాధ్యతే, తగ్గించాల్సింది డాక్టరు.

ప్రతి రూపాయికి బిల్లు, ప్రతి మూడు నెలలకు ఒక పేజీ రిపోర్టు, ఏడాది చివర యుటిలైజేషన్ సర్టిఫికెట్. యూసీ ఆలస్యమైతే రెండో విడత రాదు. ఈలోగా వేతనం ఆగితే ఆ అమ్మాయి వేరే పనికి పోతుంది, ఇళ్లతో కుదిరిన చనువు కూడా ఆమెతోనే పోతుంది. అందుకే మొదటి నెల నుంచే ఇంటికి ముప్పై రూపాయలు వేయించుకోండి. నలభై ఇళ్లకు నెలకు 1,200, అది పోస్టాఫీసు ఖాతాలో వేరుగా ఉంచి, విడత ఆగిన నెలల్లో వేతనానికి వాడండి. జనవరిలో ఆ పుస్తకం పేజీలు జిరాక్సు తీయించి రెండో ఏడాది దరఖాస్తుకు జతచేయండి. ఒక కాపీ పల్లీసభకు, ఒకటి కంపెనీకి, ఒకటి మీ దగ్గర.