పదివేల లోపల సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటున్నరా, కౌంటర్ కాడ్నే ఇవన్నీ చూస్కోండ్రి

దసరా దాటి పత్తి పైసలు చేతికొచ్చే దినాలల్ల నల్లగొండ గడియారం సెంటర్ల గానీ పాలమూరు క్లాక్ టవర్ దిక్కు గానీ ఫోన్ షాపులల్ల నిలబడనీకి జాగ దొరకది. ఒకప్పుడు అందరు కొత్త ఫోన్ కోసమే వచ్చేటోళ్లు, ఇప్పుడు మాత్రం మస్తు మంది ముందుగాల అడిగేది సెకండ్ హ్యాండ్ ఏమన్న ఉన్నదా అనే. ఎందుకంటే 2025 ఆఖరుకెల్లి మెమరీ చిప్పుల రేట్లు బాగ పెరిగినయ్, చిప్పులు చేసే కంపెనీలు ఏఐ సర్వర్ల మెమరీ దిక్కు మళ్లినయ్, అక్కడ లాభం ఎక్కువ కాబట్టి మన ఫోన్లకు పెట్టే ర్యామ్ తక్కువైంది. లక్ష రూపాయల ఫోన్ల ఆ బరువు అంతగ తెల్వదు గానీ ఎనిమిది వేల ఫోన్ మీద కంపెనీకి మిగిలేదే కొంచెం, అందుకే దెబ్బ దానికే గట్టిగ తగిలింది. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తగ్గింది కదా అని కొందరు అంటరు, అది 32 ఇంచుల కన్న పెద్ద టీవీలకు, ఏసీలకు 28 నుంచి 18 శాతానికి తగ్గింది, ఫోన్లకు మాత్రం 2020 ఏప్రిల్ల 18 చేసినప్పటిసంది అదే ఉన్నది.

నన్ను అడిగితే పదివేల లోపల కొత్త ఫోన్ కన్న మూడేండ్ల కింద పద్దెనిమిది, ఇరవై వేలకు అమ్మిన ఫోన్ మంచిగున్నది దొరికితే అదే తీస్కోమంట. అగ్గువ కొత్త ఫోన్లల్ల శానవాటిల స్టోరేజీ ఈఎంఎంసీ అనే పాత రకం ఉంటది, ఫొటోలు వీడియోలు నిండినంక ఏడాదికే నత్తలెక్క నడుస్తది, ఫోన్‌పే ఓపెన్ చేసి షాపాయన ముంగట నిలబడి తిరుగుతున్న గుండ్రాన్ని చూసుకుంట ఉండాలె. యూఎఫ్ఎస్ అనే కొత్త రకం స్టోరేజీ ఉన్నది తీస్కుంటె ఆ తిప్పలుండది. డబ్బా మీద 8+8 ర్యామ్ అని రాస్తరు, దాంట్ల రెండో ఎనిమిది అసలు ర్యామ్ కాదు, స్టోరేజీలకెల్లి కొంత తీసి ర్యామ్ లెక్క వాడుతది, దానికి పైసలు పెట్టకుండ్రి.

ఇగ కొనేకాడికి వద్దాం. బస్టాండ్ల ఎవరో చేతిల పెట్టుకుని అగ్గువకిస్త అంటె దగ్గరికే పోవద్దు, అంతే. తెలిసినోళ్ల దగ్గర, లేకపోతె ఊర్ల నిలకడగ ఉన్న షాపుల తీస్కోండ్రి.

షాపుల అయినా ఫోన్ చేతిలకు రాంగనే కెమెరా చూడకుండ్రి, ముందు డయల్ ప్యాడ్ల *#06# కొట్టుండ్రి. పదిహేను అంకెల ఐఎంఈఐ నంబర్, అంటె ఆ ఫోన్ గుర్తింపు నంబర్ వస్తది, రెండు సిమ్ములుంటె రెండు వస్తయ్. కేవైఎం (KYM) అని ఇంగ్లీషు పెద్ద అక్షరాలల్ల కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, ఆ నంబర్ రాసి 14422కు మెసేజ్ పెట్టుండ్రి, లేదంటె సర్కారోళ్ల సంచార్ సాథీ యాప్‌ల చూడుండ్రి. ఈ సౌలత్ 2023 మే నుంచి దేశమంత ఉన్నది, అయినా మనోళ్లు శానమంది వాడుతలేరు. జవాబుల బ్లాక్‌లిస్ట్ అనో, డూప్లికేట్ అనో, ముందే వాడకంల ఉన్నదనో వస్తే ఫోన్ బల్ల మీద పెట్టి వచ్చెయ్యుండ్రి, రేటు సగం చేసినా వద్దు. డబ్బా మీద, బిల్లు మీద ఉన్న నంబర్ కూడ అదేనా అని అంకె అంకె కలుపుండ్రి. ఐఎంఈఐ మార్చుడు 2023 టెలికాం చట్టం కింద నేరం, మూడేండ్ల దాక జైలు, 50 లక్షల దాక జరిమానా ఉన్నది.

రెండోది ఫైనాన్స్ లాక్. ఇది నేను సొంతంగ దెబ్బతిని నేర్చుకున్న. రెండేండ్ల కింద మా తమ్మునికని ఒక షాపుల 7,500కు ఫోన్ తీస్కున్న, బిల్లు అడిగితె పోయింది అన్నరు, సరే తియ్ అనుకున్న. పదకొండో రోజు పొద్దుగాల స్క్రీన్ నిండ కిస్తీ కట్టలేదని మెసేజ్, ఇంకేది నొక్కినా తెరుస్తలేదు. మొదలు కొన్నాయన రెండు కిస్తీలు కట్టి అమ్ముకున్నడంట. రీసెట్ కొట్టించిన, నెట్ కలవంగనే లాక్ మళ్ల వచ్చింది. తమ్ముడు డిగ్రీ పరీక్ష ఫీజు ఆ ఫోన్లకెల్లే కట్టాలె, ఆ రోజు వాడు బిక్కమొహం పెట్టుకుని కూసున్నది నాకిప్పటికీ యాదికొస్తది. అందుకే సెట్టింగుల సెక్యూరిటీలకు పోయి డివైస్ అడ్మిన్ యాప్స్ చూడుండ్రి, అండ్ల ఫైనాన్స్ యాప్ కనిపిస్తే కిస్తీలున్నట్టే. బిల్లు మీద ఫైనాన్స్ పేరుంటె కిస్తీలు అయిపోయినయని ఎన్‌ఓసీ కాయితం అడగుండ్రి. మీ ముంగటనే పాత గూగుల్ అకౌంట్ తీసేపిచ్చి రీసెట్ కొట్టియ్యాలె, మళ్ల ఆన్ చేసి మీ అకౌంట్‌తోటి లోపలికి పోయినంకనే పైసల మాట.

డిస్‌ప్లే జర నిదానంగ చూడాలె, ఎందుకంటె కాంబో, అంటె డిస్‌ప్లే, టచ్ అద్దం కలిసున్న సెట్టు మారిస్తే అయ్యే ఖర్చు ఒక్కోపారి ఫోన్ రేటుల సగముంటది. తెల్ల ఫొటో ఒకటి ఫుల్ బ్రైట్‌నెస్‌ల పెట్టి ఎండల చూడుండ్రి, పచ్చ గీతలు, పసుపు మరకలు, పాత కీబోర్డు ఆకారం అచ్చుపడ్డట్టు ఏమన్న ఉంటె తెలుస్తది. అమోలెడ్ రకం స్క్రీన్ ఉన్న ఫోన్లల్ల అప్డేట్ కొట్టినంక పచ్చ గీత పడ్డ కేసులు మస్తున్నయ్, సన్న గీతే కదా అని తీస్కోవద్దు, ఒకటికి నాలుగైతయ్. ఒక యాప్ గుర్తును వేలుతోటి పట్టి స్క్రీన్ మూలమూలకు మెల్లగ జరుపుండ్రి, ఏడనన్న చేయి జారినట్టు ఆగిపోతె అక్కడ టచ్ లేదు. స్క్రీన్ల వేలిముద్ర పెట్టే ఫోన్ అయితె వేలిముద్ర తప్పకుండ పెట్టి చూడుండ్రి, కాపీ కాంబో వేసినవాటిల అది చాలావరకు పని చెయ్యది, షాపాయన ఒరిజినల్ అని ఎంత ఒట్టు పెట్టినా మీ బొటనవేలే చెప్తది.

బ్యాటరీకి ఫోన్‌ను బల్ల మీద ఎల్లకిల పెట్టి మూలలు వత్తుండ్రి, బొంగరం లెక్క ఊగుతుంటె బ్యాటరీ ఉబ్బింది. తర్వాత అక్కడ్నే కూసోని ఇరవై నిమిషాలు యూట్యూబ్ పెట్టుండ్రి. నాలుగైదు శాతం దిగితె పర్వాలేదు, పదిహేను దిగితె బ్యాటరీ ఖర్చు రేటులకెల్లి కోయించుకోవాలె. ఐఫోన్ అయితె బ్యాటరీ హెల్త్ రాసే ఉంటది, 80 కన్న తక్కువుంటె మార్చుడే.

మీ సిమ్ము వేసి ఇంటికి ఫోన్ చెయ్యుండ్రి, స్పీకర్ల ఒకపారి, చెవికి పెట్టి ఒకపారి. మాట్లాడేటప్పుడు అద్దం పైభాగానికి చేయి అడ్డం పెడితె లైటు ఆరాలె. జియో సిమ్మున్నోళ్లు వోల్టీ, అంటె 4జీ మీద కాల్ పోయే సౌలత్ గుర్తు వస్తుందా చూడాలె, ఎందుకంటె జియోల 2జీ, 3జీ లేవు. ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్డేట్ తారీఖు కూడ చూడుండ్రి, ఏడాదిన్నర పాతదైతె బ్యాంకు యాప్‌లు దాంట్ల పెట్టుడు మంచిది కాదు.

బేరం ఇవన్నీ అయినంకనే. ముందుగాల పక్క గల్లీల రిపేర్ షాపుల ఆ మోడల్ కాంబో ఎంత, బ్యాటరీ ఎంత అని అడిగి పోండ్రి, అది తెలిసినోనికి షాపాయన ఒక రేటు చెప్తడు, తెల్వనోనికి ఒక రేటు చెప్తడు. పైసలు యూపీఐల పంపుండ్రి, లెక్క ఉంటది. కాయితం మీద మోడల్, ఐఎంఈఐ, రేటు, తారీఖు, ఎన్ని దినాల గ్యారంటీ రాయించి సంతకం పెట్టించుకోండ్రి. షాపోళ్లు మాట తప్పితె 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు తెలుగులనే చెప్పొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్ల ఐదు లక్షల దాక కేసుకు ఫీజు లేదు, అయితె చేతిల కాయితం ఉండాలె. రేపు మీ ఫోనే పోయినా సంచార్ సాథీల బ్లాక్ చెయ్యనీకి అదే నంబర్ కావాలె, అందుకే ఆ కాయితం ఫోన్ డబ్బల కాదు, పట్టా పాస్‌బుక్కు కవర్ల పెట్టుండ్రి.