తోటలో అడుగులు కనబడితే పులో ఎలుగో ఇలా చూసుకోండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం జీడితోటల్లో ఏ అడుగు కనబడినా వెంటనే గ్రూపుల్లో పులి పులి అని పెట్టేస్తన్నారు, ముందు గోళ్లు చూడండి బాబూ. పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి లాక్కుంటాది కాబట్టి నాలుగు వేళ్లు, వాటెనక అరికాలి పెద్ద మెత్త, అంతే, ఆ మెత్త వెనకంచు మూడు వంపులుగా ఉంటాది. చిరుతదీ అంతే, సైజు చిన్న. నాలుగు వేళ్లకే గోళ్ల గుర్తులుంటే చాలావరకు కుక్కే. ఎలుగుదైతే ఐదు వేళ్లు, ముందు పొడుగు గోళ్ల గుంతలు, వెనక కాలు ఇంచుమించు మనిషి పాదమే, పనస, జీడిపండ్ల వాసనకి వచ్చేస్తాది మరి. బురదలో అడుగు పెద్దదైపోయి కనబడుద్ది, నమ్మకండి, గట్టి తడినేల మీదదే చూడండి. పక్కన స్కేలు పెట్టి నిలువుగా పైనుంచి ఫోటో తీసి, అడుగు మీద గంప బోర్లించి ఫారెస్టోళ్లకి చెప్పండి. అడుగుల వెంట మాత్రం పోవద్దు, పిల్లల్తో ఉన్న ఎలుగు మీద పడిపోద్ది.