బాల్కనీ సోలార్‌కు బ్యాటరీ: కొనే ముందు మీటరు చూడండి

జర్మనీలో అద్దె ఇళ్లలో ఉంటున్న తెలుగువారిలో బాల్కనీకి సోలార్ పలకలు కట్టుకున్నవారు చాలామంది, ఇప్పుడు దానికి బ్యాటరీ కూడా జోడించాలా, జోడిస్తే ఎంతది తీసుకోవాలి అని ఆలోచిస్తున్నారు. దీనికి జవాబు ప్రకటనల్లో దొరకదు, మీ మీటరులో దొరుకుతుంది. రాత్రి 11 గంటలకు ఫ్రిజ్, రౌటరు వంటి నిత్యం నడిచేవి తప్ప తక్కినవన్నీ ఆపి మీటరు అంకె రాసుకోండి. ఉదయం 6 గంటలకు, కాఫీ పెట్టకముందే, మళ్లీ చూడండి. ఆ 7 గంటల్లో 1.05 యూనిట్లు (కిలోవాట్ అవర్లు) కాలితే మీ ఇంటి కనీస వాడకం 150 వాట్లు అన్నమాట. కొత్త డిజిటల్ మీటర్లు చాలావరకు పిన్ కొట్టనిదే దశాంశాలు చూపవు. ఆ పిన్‌ను మీటరు నిర్వహించే సంస్థను అడిగి తెప్పించుకోవాలి. బొత్తాలు లేని మీటరైతే దాని సెన్సారు మీద ఫోను టార్చి వెలుగును ఒక్కో అంకెకు అన్నిసార్లు మెరిపించి పిన్ ఎక్కించాలి. సెల్లారులో చీకట్లో నిలబడి చేసే ఈ పని మొదటిసారి కాస్త నవ్వు తెప్పిస్తుంది.

నిబంధనల విషయానికి వస్తే, 2024 మే నుంచి ఇన్వర్టరు (పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చి గోడ ప్లగ్గు ద్వారా పంపే పెట్టె) 800 వోల్ట్ ఆంపియర్ల వరకు, అంటే దాదాపు 800 వాట్ల వరకు, పలకలు మొత్తం 2000 వాట్ల వరకు ఉండవచ్చు. పెట్టిన నెలలోపు మార్క్‌స్టామ్‌డాటెన్‌రెజిస్టర్‌లో (కరెంటు తయారుచేసే ఏర్పాట్ల ప్రభుత్వ జాబితా) నమోదు చేయాలి, అందులో బ్యాటరీని వేరుగా చూపాలి. 2024 అక్టోబరులో వచ్చిన చట్ట సవరణ వల్ల ఇంటి యజమాని సరైన కారణం లేకుండా కాదనలేరు, కానీ ముందుగా అనుమతి అడగవలసిన బాధ్యత మాత్రం అద్దెకున్నవారిదే.

ఇక లెక్క చూద్దాం. మిగిలిన కరెంటు గ్రిడ్‌లోకి వెళితే ఇలాంటి చిన్న ఏర్పాట్లకు సాధారణంగా పైసా రాదు. మధ్యాహ్నం అందరూ ఆఫీసులో ఉండగా పలకలు 700 వాట్లు ఇస్తుంటే, ఇల్లు 150 వాట్లే వాడుకుని తక్కినది ఊరికే పంచిపెడుతుంది. బ్యాటరీ పని ఆ మిగులును సాయంత్రానికి దాచి ఉంచడమే. 2 యూనిట్ల బ్యాటరీలో అడుగున పది శాతం వదిలేసి, మార్పిడిలో పోయేది కూడా తీసేస్తే చేతికి వచ్చేది సుమారు 1.6 యూనిట్లు, 150 వాట్ల చొప్పున అది దాదాపు పదిన్నర గంటలు వస్తుంది, అంటే సాయంత్రం నుంచి తెల్లవారే దాకా సరిపోతుంది. అంతకంటే బాగా పెద్దది కొంటే ఉదయానికి అందులో కొంత వాడకుండానే మిగిలిపోతుంది. మన వంటిళ్లకు ఇక్కడ ఒక చిన్న అనుకూలత ఉంది. 700 వాట్ల రైస్ కుక్కరు 800 వాట్ల హద్దులో ఒదిగిపోతుంది కాబట్టి రాత్రి అన్నం దాదాపు పూర్తిగా ఎండతోనే ఉడుకుతుంది. 2000 వాట్ల స్టవ్ మీద పప్పు పెడితే మాత్రం హద్దు దాటినదంతా గ్రిడ్ నుంచే వస్తుంది. ఇడ్లీ పిండి రుబ్బడం, బట్టలు ఉతకడం మధ్యాహ్నానికి జరుపుకోగలిగితే ఆ మేరకు బ్యాటరీతో పనే ఉండదు.

బిగించేటప్పుడు ఒక్కో పలక 20 కిలోలకు పైగా ఉంటుందని, గాలివానకు అది తెరచాపలా లాగుతుందని గుర్తుంచుకుని, స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలతోనే కట్టాలి. ప్లాస్టిక్ పట్టీలు ఎండకు పెళుసెక్కి తెగిపోతాయి. పలకల తీగల కనెక్టర్లు టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి. ప్లగ్గును నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకూడదు. బ్యాటరీని ఎండ నేరుగా పడే చోట ఉంచరాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సున్నా డిగ్రీలకు దిగువన చార్జింగ్ తీసుకోకూడదు కాబట్టి, దానికి సొంత హీటరు లేకపోతే చలికాలంలో లోపలికి తెచ్చుకోవడం మేలు. డిసెంబరులో అది చాలా రోజులు ఖాళీగానే ఉంటుంది. అది పాడైందని కంగారు పడనక్కరలేదు.

ఎంత కరెంటు వదలాలో బ్యాటరీకి చెప్పడానికి మీటరు మీద అతికిస్తే అప్పటి వాడకాన్ని చదివి వైఫైలో పంపే రీడరు ఉత్తమమైన మార్గం. కానీ అపార్టుమెంట్లలో మీటరు సెల్లారులో ఉంటుంది, వైఫై అక్కడికి అందదు. నేను రెండు వారాలు రిపీటర్లతో అవస్థపడి, చివరికి రీడరు ఆలోచన మానుకుని, సాయంత్రం 7 నుంచి ఉదయం 6 వరకు 150 వాట్లు ఇవ్వమని యాప్‌లో స్థిరంగా పెట్టేశాను. అన్నం వండే అరగంటకు మాత్రం 800కు పెంచుతాను. కనీస వాడకం తెలిసిన ఇంటికి ఇది చాలావరకు సరిపోతుంది.

ఇన్వర్టరు అనగానే మనకు కరెంటు పోయినా ఫ్యాను తిరగడం గుర్తొస్తుంది, కానీ ఇది ఆ కోవకు చెందినది కాదు: గ్రిడ్ ఆగితే లైనుమీద పనిచేసేవారి ప్రాణ రక్షణ కోసం ఇది కూడా వెంటనే ఆగిపోతుంది. బ్యాటరీకి విడిగా అత్యవసర సాకెట్ ఉంటే దానికి నేరుగా తగిలించినవే నడుస్తాయి. ఇదే సెట్టును విజయవాడకో వరంగల్‌కో తీసుకెళ్లి గోడకు గుచ్చుదామనే ఆలోచన కూడా వద్దు. అక్కడ గ్రిడ్‌కు కలపాలంటే డిస్కం అనుమతి, నెట్ మీటరు (వాడినదీ, బయటికి పంపినదీ విడిగా లెక్కించేది) కావాలి. పైగా మామూలు డిజిటల్ మీటర్లలో కొన్ని బయటికి వెళ్లిన కరెంటును కూడా వాడకం కిందే లెక్కగడతాయి. సొంత డాబా ఉంటే పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది, అదే సరైన దారి.

ఇల్లు మారేటప్పుడు విప్పే వరుస ముఖ్యం. ముందు గోడ ప్లగ్గు తీయాలి, తర్వాత బ్యాటరీని ఆపాలి, ఆ పిమ్మటే పలకల కనెక్టర్లు ఊడదీయాలి. కరెంటు పారుతుండగా వాటిని లాగితే మెరుపు లేచి కొనలు కాలిపోతాయి. కొత్త ఇంట్లో పెట్టాక రెజిస్టర్‌లోని పాత నమోదును ముగించి, కొత్త చిరునామాతో మళ్లీ నమోదు చేసుకోవాలి. మీటరు పిన్ కూడా కొత్తదే తెప్పించుకోవాలి.